పనిచోట భద్రత ఎవరి బాధ్యత? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పని ప్రదేశాల్లో భద్రత, ఆరోగ్యం గురించి ప్రశ్నలు పంపవలసిందిగా కోరినప్పుడు విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. రాసినవారిలో ఎక్కువమంది తమ పేరు, పనిచేసే సంస్థ పేరు ప్రచురించవద్దని ప్రత్యేకంగా కోరారు. ఆ భయానికి కారణమేమిటో కింది ఉత్తరాలే చెబుతాయి.

ప్రశ్న: నేను పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. గౌరవప్రదమైన పని అంటే ఉపాధి, న్యాయమైన వేతనం, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, సామాజిక భద్రత అని పుస్తకాల్లో ఉంది. పనిచోట ఆరోగ్య రక్షణ ఇందులోకి ఎలా వచ్చింది? దాన్ని యజమాని కల్పించే వసతిగా భావించాలా, హక్కుగా భావించాలా?
— ఒక విద్యార్థిని, విజయవాడ

సమాధానం: హక్కుగానే భావించాలి. అయితే అంతర్జాతీయంగా ఆ మాట స్పష్టంగా నమోదు కావడానికి చాలా కాలం పట్టింది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో పనికి సంబంధించిన ప్రాథమిక హక్కులను ప్రకటించినప్పుడు నాలుగింటినే పేర్కొంది: సంఘం పెట్టుకుని సమష్టిగా బేరమాడే స్వేచ్ఛ, నిర్బంధ చాకిరీ నిర్మూలన, బాల కార్మిక వ్యవస్థ నిర్మూలన, వివక్ష లేకపోవడం. మరుసటి ఏడాది, 1999లో, ఆ సంస్థ డైరెక్టర్ జనరల్ హువాన్ సొమావియా గౌరవప్రదమైన పని అనే లక్ష్యాన్ని సభ్యదేశాల ముందు ఉంచారు. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణం ఐదో ప్రాథమిక హక్కుగా చేరింది మాత్రం 2022 జూన్‌లోనే. పనిచోట భద్రత, ఆరోగ్యంపై ఆ సంస్థ చేసిన 1981 నాటి 155వ ఒప్పందం, 2006 నాటి 187వ ఒప్పందం అప్పటి నుంచి ప్రాథమిక ఒప్పందాలయ్యాయి. వాటిని విడిగా ఆమోదించకపోయినా, సభ్యదేశమైనంత మాత్రాననే ఆ సూత్రాన్ని గౌరవించి అమలుకు కృషి చేయవలసిన బాధ్యత ప్రతి దేశం మీదా ఉంటుంది.

మన దేశంలో దీనికి పునాది అంతకంటే పాతది. కార్మికుల ఆరోగ్యాన్ని, శక్తిని దుర్వినియోగం చేయరాదని రాజ్యాంగం 39వ అధికరణ చెబుతోంది. న్యాయమైన, మానవీయమైన పని పరిస్థితులు కల్పించాలని 42వ అధికరణ కోరుతోంది. ఇవి ఆదేశిక సూత్రాలు, అంటే ప్రభుత్వానికి మార్గదర్శకాలు కనుక కోర్టు ద్వారా నేరుగా అమలు చేయించుకోలేమని కొందరు వాదిస్తారు. కానీ 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కార్మికుని ఆరోగ్య హక్కు 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. పరీక్షలో ఈ రెండు అధికరణలతో పాటు ఈ తీర్పును కూడా రాయండి.

మీరు మరొక విషయం కూడా గమనించాలి. పని కారణంగా ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 29 లక్షల 30 వేల మంది మరణిస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా వేసింది. వారిలో ప్రమాదాల వల్ల పోయేవారు సుమారు 3 లక్షల 30 వేల మంది. మిగిలిన 26 లక్షల మందినీ పనివల్ల వచ్చిన జబ్బులే బలిగొంటున్నాయి. బాయిలరు పేలితే పత్రికలో వార్త వస్తుంది. పాతికేళ్లు దుమ్ము పీల్చినవాడు ఇంట్లో మంచం మీద పోతే అది పనివల్ల జరిగిన మరణమని ఎవరూ లెక్క రాయరు. వేతనం సరిగ్గా ఇస్తూనే మనిషి ఊపిరితిత్తులను, వినికిడిని, వెన్నును హరించే ఉద్యోగాన్ని గౌరవప్రదమైనదని నేను అనలేను. ఆ వేతనంలో కొంత భాగం శ్రమకు కాక శరీరానికి కట్టిన ధరే అవుతుంది.

ప్రశ్న: నా భర్త గుంటూరుకు దగ్గరలోని ఒక నూలు మిల్లులో చాలా ఏళ్లుగా కార్డింగ్ విభాగంలో పనిచేస్తున్నారు. ఆదివారం సెలవునాడు బాగానే ఉంటారు. సోమవారం డ్యూటీ దిగి వచ్చేసరికి ఛాతీ పట్టేసినట్టుందనీ, ఊపిరి ఆడటం లేదనీ అంటారు. వారం గడిచేకొద్దీ కొంచెం తగ్గుతుంది. మళ్లీ సోమవారం మామూలే. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని తోటివాళ్లు చెబితే రోజూ తింటున్నారు. మిల్లులో చెప్పుకుంటే పనిలోంచి తీసేస్తారని ఆయన భయం. మాకు ఇద్దరు ఆడపిల్లలు. ఏం చేయాలో చెప్పండి.
— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, రోగిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం సరికాదు. అయినా, సెలవు తరువాత మొదటి పనిరోజునే ఛాతీ పట్టేయడం, వారం చివరికి తగ్గడం అని మీరు రాసిన క్రమం చాలా ముఖ్యమైనది. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి తొలిదశలో సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. దూదిలోని చెత్త, ఆకు ముక్కలు, వాటిని అంటిపెట్టుకున్న బాక్టీరియా నుంచి వెలువడే విషపదార్థం సన్నని దుమ్ముతో కలిసి లోపలికి పోయి శ్వాసనాళాలను బిగుసుకుపోయేలా చేస్తాయి. దూదిని విదిలించే బ్లోరూమ్‌లోనూ, పీచును దువ్వే కార్డింగ్‌లోనూ ఈ దుమ్ము మిగతా విభాగాల కంటే ఎక్కువ. మీ భర్తగారు ఉన్నది ఆ రెంటిలో ఒక దానిలోనే.

ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండవద్దు. ఈ జబ్బులో ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. గొట్టంలోకి బలంగా ఊదించి ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించాలి. అది కూడా ఏదో ఒక రోజున కాకుండా, సోమవారం పనిలోకి వెళ్లే ముందు ఒకసారి, డ్యూటీ దిగిన వెంటనే మరొకసారి చేయించి రెండు కొలతలనూ పోల్చి చూడమని డాక్టరును అడగండి. సాయంత్రానికి ఊపిరి సామర్థ్యం తగ్గినట్టు కనబడితే పనికీ జబ్బుకూ సంబంధం ఉందనడానికి అది గట్టి ఆధారం. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన మిల్లులో పనిచేస్తారని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. ఏ విభాగమో, ఎన్నేళ్ల నుంచో, ఏ రోజున బాధ ఎక్కువవుతుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మన ఆస్పత్రుల్లో రోగిని ఏం పని చేస్తావని అడిగే అలవాటు తక్కువ. ఆ ప్రశ్న అడగనందువల్లనే ఎందరో కార్మికులు ఉబ్బసమనే పేరు మీద ఏళ్ల తరబడి మందులు మింగుతూ అదే దుమ్ములో పనిచేస్తున్నారు.

బెల్లం సంగతి కూడా చెప్పాలి. సిమెంటు, నూలు, బియ్యం మిల్లులన్నిటా ఈ నమ్మకం ఉంది. కొన్నిచోట్ల యాజమాన్యాలే పంచిపెడతాయి. తిన్న బెల్లం అన్నవాహికలోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉంటుంది. గొంతు గరగర కాసేపు తగ్గవచ్చు గాని, లోపలి దుమ్మును అది కదిలించలేదు. దుమ్మును అణచే యంత్రం పెట్టవలసిన చోట బెల్లం ముక్క పెట్టడం కార్మికుణ్ణి మభ్యపెట్టడమే. చుట్ట, బీడీ అలవాటుంటే మాత్రం వెంటనే మానిపించండి. పొగ ఈ జబ్బును బాగా పెంచుతుంది. అలాగని పొగతాగడం మీదనే నేరం మోపి దుమ్మును వదిలేయడానికి ఎవరినీ అనుమతించవద్దు.

ఇక ఖర్చు, ఉద్యోగ భయం. ఆయన నెల జీతం 21,000 రూపాయలు మించకపోతే ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉండాలి. జీతంలో 0.75 శాతం ఆయన వాటాగా, 3.25 శాతం యజమాని వాటాగా జమ అవుతుంటాయి. కాబట్టి ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడి నుంచి విజయవాడ గుణదలలోని ఈఎస్ఐ ఆస్పత్రికి గాని, ఛాతీ వైద్య నిపుణుడున్న మరో ఆస్పత్రికి గాని రాయించుకోవడం మీ హక్కు. బిసినోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. దాన్ని నిర్ధారించిన డాక్టరు ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే నిర్దేశించింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. పని చేయలేని స్థితి వస్తే వృత్తి వ్యాధికి కూడా ప్రమాద గాయంతో సమానంగా పరిహారం కోరవచ్చు.

తొలిదశలో దుమ్ముకు దూరమైతే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే శ్వాసనాళాలు శాశ్వతంగా దెబ్బతింటాయి, అప్పుడు విభాగం మార్చినా ప్రయోజనం తక్కువ. అందువల్ల ఆయన భయపడి దాచుకునే ప్రతి నెలా మీ కుటుంబానికి నష్టమే. ఒంటరిగా మేనేజరు దగ్గరకు వెళ్లవద్దని చెప్పండి. కార్డింగ్‌లోనూ బ్లోరూమ్‌లోనూ ఇలాంటి బాధే ఉన్నవారు ఇంకా ఉంటారు. నలుగురైదుగురు కలిసి, సంఘం ఉంటే సంఘం ద్వారా, పరీక్షలు చేయించమని, దుమ్ము తక్కువగా ఉండే విభాగానికి మార్చమని రాతపూర్వకంగా అడగాలి. దుమ్ము పుట్టిన చోటనే పీల్చేసే ఏర్పాటు సరిగ్గా పనిచేయడం, కార్డింగ్ యంత్రాలను మూతలతో కప్పడం, గాలిగొట్టంతో ఊది శుభ్రం చేయడం మాని వాక్యూమ్‌తో పీల్చడం మిల్లు చేయవలసిన పనులు. ముక్కుకు కట్టుకునే తువాలు ఈ దుమ్మును ఆపదు. ముఖానికి సరిగ్గా బిగుసుకునే ఎన్95 రకం మాస్కు కొంత ఆపుతుంది, కానీ అది యంత్రాలు బాగుపడేవరకు తాత్కాలిక రక్షణ మాత్రమే.

ఇదంతా ఆయనకు చదివి వినిపించండి. జబ్బు గురించి ఉత్తరం రాసింది మీరు. మగవాళ్లు మిల్లులో చెప్పుకోలేని బాధ చాలా ఇళ్లలో ముందుగా ఆడవాళ్లకే తెలుస్తుంది.

ప్రశ్న: జవహర్ ఆటోనగర్‌లో నాకు చిన్న షెడ్డు ఉంది. లారీ బాడీలు కడతాం, ట్యాంకర్లకు వెల్డింగ్ మరమ్మతులు చేస్తాం. ఏడుగురు పనివాళ్లున్నారు. భద్రత పెద్ద కంపెనీలకు సాధ్యం, మాలాంటివాళ్లకు భారం. కళ్లద్దాలు కొనిచ్చినా కుర్రాళ్లు పెట్టుకోరు. నేను ఏ క్రమంలో, ఏమేం చేయగలను?
— ఒక షెడ్డు యజమాని, విజయవాడ

సమాధానం: అయ్యా, క్రమం గురించి అడిగినందుకు సంతోషం. ఎందుకంటే చాలామంది తప్పు చివరి నుంచి మొదలుపెడతారు. ముందు అపాయాన్ని తొలగించగలమా, లేదా దాని స్థానంలో తక్కువ అపాయమున్న పద్ధతి పెట్టగలమా అని చూడాలి. ఆ తరువాత యంత్రానికి కవచం, గాలి బయటికి పోయే ఏర్పాటు. ఆపైన పని పద్ధతి, శిక్షణ. కళ్లద్దాలు, చేతి తొడుగులు, హెల్మెట్లు అన్నిటికంటే చివరివి. యజమాని మొదటి మూడు మెట్లూ దాటవేసి నేరుగా కళ్లద్దాల దగ్గరికి వచ్చి, పనివాడు పెట్టుకోలేదని కోప్పడితే బాధ్యతంతా ఆ కుర్రాడి నెత్తిన పడుతుంది.

మీ షెడ్డులో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది ట్యాంకర్ల గురించి. ఖాళీ ట్యాంకరే కదా అనుకోవడం ప్రాణాంతకం. పెట్రోలు, డీజిలు, థిన్నరు మోసిన ట్యాంకులో ద్రవం లేకపోయినా అడుగున మడ్డి, గోడలకు పట్టిన పొర ఉంటాయి. వెల్డింగ్ టార్చి వేడికి అవి ఆవిరై గాలితో కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. నీళ్లతో కడిగామన్న మాట సరిపోదు. ఆవిరి పట్టించి శుభ్రం చేసి, గాలి ఆడించి, పరికరంతో లోపలి వాయువును పరీక్షించి, అర్హత ఉన్న వ్యక్తి గ్యాసు లేదని రాసిచ్చిన తరువాతే వెల్డింగ్ మొదలుపెట్టాలి. పెట్రోలియం నిబంధనలు కోరేది కూడా అదే. అర్జెంటుగా కావాలని లారీ ఓనరు ఎంత ఒత్తిడి తెచ్చినా ఆ కాగితం లేకుండా ట్యాంకరును షెడ్డులోకి రానివ్వవద్దు. బేరం పోతుందనే భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఇది ఒక్క షెడ్డు తీసుకోవలసిన నిర్ణయం కాదు, మీ యజమానుల సంఘం అంతటినీ ఒప్పించవలసిన నిర్ణయం.

తరువాత కరెంటు. పోర్టబుల్ గ్రైండర్లు, వెల్డింగ్ సెట్లు ఉన్నచోట 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే బ్రేకరు పెట్టించండి. అతుకులు వేసిన తీగలు పారేయండి. ఆక్సిజన్ సిలిండర్లను నిలబెట్టి గొలుసు కట్టాలి, వాటి రెగ్యులేటరుకు నూనె గాని గ్రీజు గాని తగలకూడదు. గ్రైండింగ్ రాయి బిగించే ముందు మెల్లగా తట్టి చూడాలి. పగుళ్లులేని రాయి ఖంగుమంటుంది, పగిలినది డొల్ల శబ్దం చేస్తుంది. రాయి మీద రాసిన వేగం మీ మిషను వేగం కంటే తక్కువైతే దాన్ని వాడరాదు. పని వేగం తగ్గుతుందని చెప్పి గ్రైండరు కవచం విప్పేసే అలవాటును మాన్పించాలంటే అరిస్తే సరిపోదు. పీసుకింత అని కూలి కడుతున్నారేమో చూడండి. తొందరపడేవాడికే ఎక్కువ డబ్బు వచ్చే ఏర్పాటు మీరే చేసి, జాగ్రత్తగా ఉండమని మీరే చెప్పడం కుదరదు.

వెల్డింగ్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2017లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. జింకు పూత ఉన్న రేకును వెల్డింగ్ చేసిన నాటి రాత్రి చలిజ్వరం వచ్చి మర్నాటికి తగ్గిపోవడం మీ పనివాళ్లందరికీ తెలిసే ఉంటుంది. అది ఆ లోహపు పొగ చేసిన పనే. పాలు తాగితే సరిపోతుందనే మాట నమ్మవద్దు. వెల్డింగ్ చోటును మూసిన గది నుంచి బహిరంగంలోకి మార్చడం, పొగను పక్కకు లాగే ఫ్యాను పెట్టడం పెద్ద ఖర్చు కాదు. వెలుగు పక్కవాళ్ల కళ్లలో పడకుండా తెర కట్టండి. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుందని బాధపడేది తరచుగా వెల్డరు కాదు, పక్కన నిలబడి రేకు పట్టుకున్న కుర్రాడు.

ఇప్పుడు కళ్లద్దాలు. మే నెల విజయవాడ ఎండలో, రేకుల షెడ్డు కింద, చెమటకు మసకబారి గీతలు పడిన అద్దాలను ఎవరు పెట్టుకుంటారు? రెండు మూడు రకాలు తెప్పించి వాళ్లనే ఎంచుకోనివ్వండి. మీరు కూడా షెడ్డులో తిరిగేటప్పుడు పెట్టుకోండి. ఏడుగురే ఉన్నారు కనుక కొత్త కోడ్‌లోని చాలా నిబంధనలు మీకు వర్తించకపోవచ్చు, అవి సాధారణంగా పదిమంది నుంచి మొదలవుతాయి. కానీ పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వవలసిన బాధ్యత పనివాళ్ల సంఖ్య చూసి తప్పిపోదు.

ప్రశ్న: గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే పని చేస్తాము. ఈ ఏడాది బూట్లు, మాస్కులు ఇచ్చి, వాటి డబ్బు జీతంలో కోశారు. ఇది న్యాయమేనా?
— కొందరు హమాలీలు

సమాధానం: న్యాయం కాదు. భద్రత కోసం చేసే దేనికీ ఉద్యోగి నుంచి రుసుము వసూలు చేయరాదని వృత్తి భద్రత కోడ్‌లోని 6వ సెక్షన్ చెబుతోంది. 155వ అంతర్జాతీయ ఒప్పందం 21వ అధికరణ చెప్పేదీ అదే. కోసిన మొత్తం, తేదీ కనబడే జీతం చీటీని భద్రపరచుకుని, కార్మిక శాఖ కార్యాలయంలో ఉమ్మడిగా అర్జీ ఇవ్వండి. బరువు గురించి కూడా అడగవలసి ఉంది. ఒక వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మీ టిక్కీ అంతకు లోపే ఉన్నా, రోజంతా చలిగదికీ ఎండకూ మధ్య మెట్లెక్కి మోస్తున్నప్పుడు ఆ అంకె ఒక్కటే చూసి తృప్తిపడలేము. తోపుడు బండి, కన్వేయరు అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ప్రశ్న: అమరావతి వైపు ఒక భవన నిర్మాణంలో సెంట్రింగ్ పని చేస్తున్నాను. బెల్టు తగిలించుకోవడానికి తాడు కట్టలేదు, పైకి ఎక్కనన్నాను. అయితే రేపటి నుంచి రావద్దని మేస్త్రి అన్నాడు. నాతో ఉన్న ఒడిశా కుర్రాళ్లు మాట్లాడకుండా ఎక్కారు. నేను చేసింది తప్పా?
— ఒక భవన నిర్మాణ కార్మికుడు

సమాధానం: తప్పు కాదు. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ ముఖ్యమైన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. గోడ మీద భద్రతా బోర్డు ఉందా, హెల్మెట్ ఇచ్చారా అన్నదాని కంటే, ఇక్కడ అపాయముందని ఒక కూలీ చెప్పినప్పుడు ఏం జరుగుతుందన్నదే ఆ పనిచోటు ఎలాంటిదో తేలుస్తుంది. తాడు కట్టడానికి గట్టి చోటు లేకపోతే నడుముకు కట్టిన బెల్టు అలంకారమే. ఒడిశా కుర్రాళ్లు ధైర్యం వల్ల ఎక్కారని అనుకోవద్దు. ఊరికి దూరంగా, అడ్వాన్సు అప్పుతో, భాష రాని చోట ఉన్నవాడికి కాదనే అవకాశం మీకున్నంత కూడా లేదు.

ప్రాణాపాయం ఉందని సహేతుకంగా నమ్మి పని నుంచి పక్కకు తప్పుకున్న కార్మికుడిపై చర్య తీసుకోరాదని 155వ ఒప్పందం 13వ అధికరణ చెబుతోంది. మన చట్టం దారి కొంచెం వేరు. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన నిబంధననే కొత్త కోడ్ 14వ సెక్షన్ నిర్మాణ పనులకు కూడా విస్తరించింది. తీవ్రమైన గాయమో మరణమో సంభవించేలా ఉందని ఉద్యోగి యజమానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటరుకూ (కోడ్ కింద తనిఖీ అధికారికి) తెలియజేయవచ్చు. యజమాని ఒప్పుకుంటే వెంటనే సరిదిద్దాలి. ఒప్పుకోకపోయినా విషయాన్ని ఇన్‌స్పెక్టరుకు పంపి తీరాలి, అంతిమ నిర్ణయం ఇన్‌స్పెక్టరుది. ఇందులో నాకు కనబడే లోటు ఒకటుంది. ఆ నిర్ణయం వచ్చేవరకు కార్మికుడు పనికి దూరంగా ఉండవచ్చనే మాటను ఒప్పందం చెప్పినంత స్పష్టంగా ఈ సెక్షన్ చెప్పలేదు. రోజుకూలీ విషయంలో ఆ మౌనం మేస్త్రికే ఉపయోగపడుతుంది.

కనుక నోటి మాటతో ఆగవద్దు. ఏ తేదీన, ఏ అంతస్తులో, తాడు లేదని ఎవరికి చెప్పారో తెలుగులోనే నాలుగు వాక్యాలు రాసి మేస్త్రికి, కాంట్రాక్టరుకు ఫోన్లో పంపండి, అదే కార్మిక శాఖ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ చోటు ఫొటో తీసి ఉంచుకోండి. గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే, 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసువారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఇంకా చేయించుకోకపోతే ఆలస్యం చేయవద్దు, ఒడిశా కుర్రాళ్లను కూడా వెంట తీసుకువెళ్లండి. వాళ్లలో ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు కాంట్రాక్టరు చేతులెత్తేస్తే, పరిహారాన్ని పని చేయించుకున్న ప్రధాన యజమాని నుంచి కోరే వీలు 1923 నాటి పరిహార చట్టంలో ఉంది, ఇప్పటి సామాజిక భద్రత కోడ్‌లోనూ కొనసాగింది. ఆ సంగతి వాళ్లకు వాళ్ల భాషలో చెప్పగలిగిన మనిషిని ఎవరినైనా వెతికి చెప్పించండి.